మోస్టర్: 47 ఏళ్ల పల్లె పాలన

ప్రశ్న: నార్వేలోని మోస్టర్ అనే చిన్న దీవి ఒకప్పుడు ప్రత్యేక గ్రామీణ మున్సిపాలిటీగా ఉండేదని చదివాను. పల్లెకు మున్సిపాలిటీ ఎలా ఉంటుంది? దాన్ని ఎందుకు రద్దు చేశారు? దయచేసి వివరించండి.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మున్సిపాలిటీ అంటే పట్టణం, పంచాయతీ అంటే పల్లె అన్నది మనకు అలవాటైన విభజన కనుక మీకు ఈ సందేహం రావడం సహజమే. నార్వేలో పల్లెకైనా పట్టణానికైనా స్థానిక పాలనా సంస్థను కొమ్మూనె అనే అంటారు. పల్లె ప్రాంతానిదని ప్రత్యేకించి చెప్పవలసివచ్చినప్పుడు పూర్వం హెర్రెడ్ అనేవారు. 1837 జనవరి 14న వచ్చిన చట్టాల వల్ల, అంతవరకు చర్చి వ్యవహారాల కోసం ఏర్పడి ఉన్న మండలాలే చాలాచోట్ల ఎన్నికైన ప్రతినిధులు నడిపే కొమ్మూనెలుగా మారాయి. నైరుతి తీరంలోని ఫిన్నోస్ కూడా అలా ఏర్పడినదే. మోస్టర్ మొదట దానిలో భాగం.

ఫిన్నోస్ అనేక దీవుల సముదాయం. 1916లో దానిని బ్రెమ్‌నెస్, బోమ్లో, మోస్టర్ అని మూడుగా విడదీశారు. మోస్టర్‌కు సొంత పాలన దక్కింది అప్పుడే.

అది 1963 వరకు, అంటే 47 ఏళ్లే నిలిచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పాఠశాలలు, సంక్షేమం వంటి బాధ్యతలు పెరుగుతూ వచ్చాయనీ, కొద్దిమంది జనాభా ఉన్న కొమ్మూనెలు ఆ భారం మోయలేవనీ భావించిన ప్రభుత్వం 1946లో నికొలాయ్ షై అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం సిఫారసుల ఫలితంగా దేశంలో 740కి పైగా ఉన్న కొమ్మూనెలు 1960ల చివరికి సుమారు 450కి తగ్గాయి. మోస్టర్, బ్రెమ్‌నెస్, పాత బోమ్లో కలిసి నేటి బోమ్లో కొమ్మూనె అయ్యాయి. దాని కార్యాలయం స్వోర్ట్‌లాండ్‌లో ఉంది. కనుక దీనిని రద్దు అనడం కన్నా, 1916లో విడిపోయిన మూడు భాగాలు దాదాపు పాత హద్దుల్లోనే మళ్లీ ఒక్కటయ్యాయనడం సబబని నా అభిప్రాయం.

అయితే మోస్టర్ చరిత్రను ఆ 47 ఏళ్లకే పరిమితం చేస్తే ఆ దీవికి అన్యాయం చేసినవారమవుతాము. ఆ తర్వాత నార్వే రాజైన ఓలావ్ ట్రిగ్వాసన్ 995లో విదేశం నుంచి తిరిగివచ్చి ఇక్కడే దిగి చర్చి కట్టించాడని సాగాలు (పాత నార్స్ భాషలోని వీరగాథలు) చెబుతాయి. 1024లో ఓలావ్ హరాల్డ్‌సన్ రాజు, బిషప్ గ్రిమ్‌కెల్ ఇక్కడ జరిపిన ప్రజాసభలో క్రైస్తవ ధర్మశాసనం అమలులోకి వచ్చిందని సంప్రదాయం. పశ్చిమ నార్వే ప్రాచీన న్యాయసంహిత అయిన గులాటింగ్ చట్టంలో కూడా ఆ మోస్టర్ సభ ప్రస్తావన ఉండడం విశేషం. మోస్టర్‌హామ్న్ రేవు దగ్గర ఇప్పటికీ నిలిచి ఉన్న పాత రాతి చర్చి మధ్యయుగం నాటిది. దాని సమీపంలో, పూర్వం సున్నపురాయి తవ్విన గనినే ఆరుబయలు రంగస్థలంగా మలచి, ఆ తొలి క్రైస్తవ రాజుల కథను అక్కడ నాటకంగా ప్రదర్శిస్తారు. 2024లో ఆ శాసనానికి వెయ్యేళ్లు నిండిన సందర్భంగా ఉత్సవాలు జరిగింది కూడా ఈ మోస్టర్‌లోనే.