ట్రక్కు స్పీకర్లు మార్చే ముందు

ప్రశ్న: నా దగ్గర 2017 టొయోటా టకోమా డబుల్ క్యాబ్ పికప్ ఉంది. హైవే మీద వాల్యూమ్ పెంచితే పాటలో సాహిత్యం తెలియడం లేదు, మృదంగం మొద్దుబారినట్టు వినిపిస్తోంది. స్టీరియోను అలాగే ఉంచి స్పీకర్లు మాత్రమే మార్చాలనుకుంటున్నాను. దుకాణంలో డబ్బా మీద 450 వాట్లు అని రాసి ఉన్న జత చూపించారు. కొనవచ్చా? వెనుక తలుపుల్లోవి కూడా మార్చాలా?
– ఒక పాఠకుడు, ప్లానో, టెక్సస్

జవాబు: డబ్బా మీద ముద్రించిన ఆ అంకెను పక్కన పెట్టండి. అది స్పీకర్ క్షణకాలం తట్టుకోగల గరిష్ఠ శక్తే తప్ప, మీకు వినిపించే ధ్వనికి కొలత కాదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ట్రక్కులో ఉండేది సుమారు 14 వోల్టులు. విడిగా ఆంప్లిఫైయర్ లేని స్టీరియో ఆ వోల్టేజీతోనే స్పీకర్‌ను నడపాలి కనుక, 4 ఓంల స్పీకర్‌కు ధ్వని చెదరకుండా లెక్క ప్రకారమే 25 వాట్లకు మించి ఇవ్వలేదు. ఆచరణలో అందేది 15 నుంచి 20 వాట్లు.

అందుకే మీరు చూడవలసింది సెన్సిటివిటీ. ఒక వాట్ శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందో అది చెబుతుంది. 3 డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు వాట్లతో సమానం: 87 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో ఇచ్చే ధ్వనిని 90 డెసిబెల్స్ స్పీకర్ 10 వాట్లతోనే ఇస్తుంది. మీరు 90కి తగ్గనివే ఎంచుకోండి. ఇక్కడ కూడా ఒక తిరకాసు ఉంది. కొందరు తయారీదారులు ఒక వాట్‌కు బదులు 2.83 వోల్టుల వద్ద కొలిచి చెబుతారు. 4 ఓంల స్పీకర్‌కు అది రెండు వాట్లు కనుక, అంకె 3 డెసిబెల్స్ ఎక్కువగా కనిపిస్తుంది. పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే పద్ధతికి తెచ్చుకోండి.

మీ ట్రక్కు ముందు తలుపుల్లో 6×9 అంగుళాల స్పీకర్లు, వెనుక తలుపుల్లో ఆరున్నర అంగుళాలవి, డాష్‌బోర్డు మూలల్లో చిన్నవి ఉంటాయి. మీది జేబీఎల్ బ్రాండ్ ఆడియో సిస్టమ్ అయితే వేరే ఆంప్లిఫైయర్ ఉంటుంది, స్పీకర్ల ఓంలు కూడా వేరుగా ఉండవచ్చు. పాత స్పీకర్‌ను విప్పి మల్టీమీటర్‌తో కొలిచాకే కొనండి. మామూలు సిస్టమ్‌లో డాష్‌బోర్డు స్పీకర్, తలుపు స్పీకర్ ఒకే ఛానల్‌ను పంచుకుంటాయి. కనుక డాష్‌బోర్డులో కొత్తది బిగించేటప్పుడు, బాస్ (లోతైన ధ్వని) దానికి చేరకుండా ఆపే కెపాసిటర్ అనే చిన్న భాగాన్ని తీసివేయకూడదు. తీసివేస్తే బాస్ కూడా ఆ చిన్న స్పీకర్‌కే వెళుతుంది, స్టీరియో మీద భారం రెట్టింపవుతుంది.

తలుపు స్పీకర్లు మోకాళ్ల దగ్గర ఉంటాయి కనుక గాయకుడి గొంతు కింద నుంచి వస్తున్నట్టు ఉంటుంది. అందుకే ట్వీటర్ (సన్నని ధ్వనులు పలికించే చిన్న స్పీకర్) విడిగా ఉండే కాంపొనెంట్ సెట్ కొని, ట్వీటర్లను డాష్‌బోర్డు మీద అమర్చుకోవడం మేలని నా అభిప్రాయం. వెనుక స్పీకర్లను ఇప్పుడు ముట్టుకోకండి. పాట వినేది ముందు సీట్లో కూర్చున్నవారే కనుక, ఆ డబ్బుతో ముందు తలుపుల లోపలి రేకుకు అదురును అణచే బ్యూటైల్ రబ్బరు షీటు వేయించి, స్పీకర్ చుట్టూ ఫోమ్ గాస్కెట్ పెట్టించండి. తలుపు రేకు అదరడం, కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి పొర) వెనుక గాలి ముందుకు లీకవడం తగ్గితే మృదంగం దెబ్బ స్పష్టంగా వినిపిస్తుంది. తలుపులోకి వాన నీరు దిగుతుంది కనుక కాగితపు కోన్ కన్నా పాలీప్రొపిలీన్ కోన్, రబ్బరు అంచు ఉన్నవి మంచివి.

ప్రశ్న: కొత్త ఇసుజు వీ-క్రాస్ పికప్ కొన్నాను. స్పీకర్లు మారిస్తే వారంటీ పోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ వాహనం తయారైన శ్రీసిటీ మీకు దగ్గరే అయినా, వారంటీ విషయం డీలరును అడిగి లిఖితపూర్వకంగా తీసుకోండి. కంపెనీ వైర్లను కోసి అతికిస్తే, ఆపై వచ్చే విద్యుత్ లోపాలకు వారంటీ నిరాకరించే అవకాశం ఉంది. కోయకుండా కలిపే అడాప్టర్ వైర్లు దొరుకుతాయి. వాటినే వాడమని మెకానిక్‌కు ముందే చెప్పండి, తీసిన స్పీకర్లను భద్రపరచండి. ఒక పక్క స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే బాస్ బాగా తగ్గిపోతుంది కనుక, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల సెల్‌ను స్పీకర్ తీగలకు తాకించి చూడమనండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటికి కదులుతుంది. తలుపు ప్యానెల్ మూసే ముందు అద్దాన్ని పూర్తిగా కిందికి దించి, స్పీకర్ మాగ్నెట్‌కు తగలడం లేదని మీరే నిలబడి చూసుకోండి.