రికార్డింగ్ మొదలుపెట్టే ముందు

అమ్మలూ,

ఈ టర్మ్ నుంచి నీ ఫ్రెంచ్ క్లాసులో పిల్లల చేత మాట్లాడించి రికార్డ్ చేయిస్తావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! రాత్రి పడుకున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

పరికరాల గురించి నేను చెప్పేదేముంది, ఫోన్ చాలు. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పెట్టుకోమను. ఎదురుగా ఉంటే ‘ప’ అన్నప్పుడల్లా ఊపిరి మైక్‌కి కొడుతుంది. ఫ్యాన్ ఆపించు. ఎడిట్ చేసుకోవడానికి ఆడాసిటీ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉచితంగానే దొరుకుతుంది. హోంవర్క్‌కి ఎంపీ3 సరిపోతుంది. కుదించకుండా దాచే వేవ్ ఫైల్ అయితే, ఒకే చానెల్‌తో (మోనోలో) కూడా నిమిషానికి 5 ఎంబీ దాకా అవుతుంది.

నా దిగులు వేరే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్యాసెట్ల రోజుల్లో, మా సీనియర్ ఒకాయన పిల్లలు చదివిన పేరా టేప్ చేసి మర్నాడు క్లాసులో వేశారు. ఒకబ్బాయి వంతు వచ్చింది. అతను తడబడిన చోటల్లా టేప్ ఆపి, ‘ఇక్కడేం తప్పు?’ అని మిగతావాళ్లని అడిగారు. వెనక కూర్చున్న నాకు ఆ పిల్లాడి చెవులు ఎర్రబడటం కనిపిస్తూనే ఉంది. మొదట నవ్వబోయాడు, తర్వాత పుస్తకంలోకి తల దించేశాడు. ఆ ఏడాదంతా రాతపరీక్షల్లో అతనే ఫస్ట్. నోరు మాత్రం విప్పలేదు. ఆయన మంచి మాస్టారే, పిల్లలంటే ప్రాణం. అయినా అలా జరిగింది.

మన గొంతు మనకి గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల గుండా కూడా వినబడుతుంది. రికార్డింగ్‌లో ఆ రెండోది ఉండదు కాబట్టి గొంతు పీలగా, పరాయిదిలా అనిపిస్తుంది. ఆ కంగారుకి తోడు రాని భాష, పైగా నలుగురి ముందు! నువ్వైనా చిన్నప్పుడు పద్యం చెప్పమంటే గోడవైపు తిరిగి చెప్పేదానివి కదూ. నేనూ నిన్ను తిప్పలేదు.

అందుకని మొదట మాతృభాషలోనే రెండు మాటలు రికార్డ్ చేయించు. ‘నా గొంతు ఇలా ఉంటుందా’ అన్న ఆశ్చర్యం అక్కడే తీరిపోతుంది. మొదటి ఫ్రెంచ్ రికార్డింగ్ ఎవరిది వాళ్లే వినాలి, నువ్వు కూడా అడగకు. కొన్ని వారాలయ్యాక అదే పేరా మళ్లీ చదివించి, పాతదాని పక్కన పెట్టి వినమను. ఫ్రెంచ్ వాళ్ల ఉచ్చారణతో పోల్చడం తర్వాత సంగతి. ఆడాసిటీలో గొంతుని గీతగా చూపించే తరంగం చూపించు. మాటల మధ్య తడుముకున్నప్పుడు చదునుగా గీత వస్తుంది, రెండోసారికి ఆ గీతలు చిన్నవవడం కంటికే కనబడుతుంది.

ఇక నువ్వు వినేటప్పుడు ఒక్క తప్పే పట్టుకో. పెదాలు ‘ఊ’కి సున్నాలా చుట్టి, నాలుకని ‘ఈ’ దగ్గరే ఉంచి పలికే అచ్చు ఉంది చూడు, ఓ వారమంతా దానికే ఇచ్చెయ్. నీకు తొందరెక్కువ, అన్నీ ఒకేసారి దిద్దేస్తానంటావు. వద్దమ్మా, ఈ ఒక్క మాట విను.

వాట్సాప్ గ్రూపులో ఎవరి గొంతూ పెట్టకు, బాగా చదివినవాళ్లది కూడా. టర్మ్ అయ్యాక ఎవరి ఫైళ్లు వాళ్లకిచ్చి, నీ దగ్గరున్నవి తీసెయ్.

మొదట ఏ పేరా చదివిస్తున్నావో నాకు పంపు. పెద్దదైతే కత్తిరించి ఇస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ