రాఘవని ఏడిపించకు

చిరంజీవికి,

నువ్వు పంపిన నవల రాతప్రతి మొత్తం చదివాను. భార్యను పోగొట్టుకున్న డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వదిలేసి ఒక రియల్ ఎస్టేట్ పెద్దమనిషికి బాడీగార్డ్‌గా చేరతాడు. ఆ పెద్దమనిషి మీద హత్యాప్రయత్నాలు మొదలవుతాయి. మంచి సరుకే. హైదరాబాద్ స్టేషన్లలో డీఐ పోస్టు నిజంగానే ఉంది కాబట్టి, మన దగ్గర డిటెక్టివ్‌లెక్కడున్నారని నిన్నెవరూ దబాయించలేరు. కానీ చదువుతున్నంతసేపూ ఒకటే అనిపించింది. రాఘవ ఉద్యోగం మారాడు గానీ, నువ్వు మాత్రం అతని చేత ఇంకా పోలీసు పనే చేయిస్తున్నావు.

డీఐ స్పాట్‌కి వెళ్ళేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. క్లూస్ టీమ్ వస్తుంది, సీసీ ఫుటేజీ తీస్తారు, చుట్టుపక్కల వాళ్ళని విచారిస్తారు. అతని తెలివంతా నిన్న ఏం జరిగిందన్న దాని మీదే నడుస్తుంది. బాడీగార్డ్‌కి నిన్నటితో పనిలేదు. ఇంకో అరనిమిషంలో ఏం జరగొచ్చు అన్నదే అతని డ్యూటీ. సర్వీసంతా చావు తర్వాత వెళ్ళినవాడు ఇప్పుడు చావుకంటే ముందు వెళ్ళి నిలబడాలనుకుంటున్నాడు. రాఘవ ఈ కొలువులో ఎందుకు చేరాడన్నదానికి నీ నవలలో ఉన్న సమాధానం "జీతం బాగుంది" అని. నేను నమ్మలేదు. అసలు కారణం ఇదే. అయితే ఈ మాట నువ్వు ఎక్కడా రాయొద్దు, రాఘవ నోట అనిపించొద్దు. నీకు తెలిసి ఉంటే చాలు, అతను కారు దిగే పద్ధతిలోనే అది బయటపడుతుంది.

1991 మే 21 గుర్తు చేసుకో. నువ్వప్పటికి పుట్టి ఉండవు. ఆ సాయంత్రం రాజీవ్ గాంధీ మన విశాఖపట్నం నుంచే మద్రాసు వెళ్ళారు, అక్కణ్ణుంచి రోడ్డు మీద శ్రీపెరంబుదూర్. పేలుడులో ఆయనతోపాటు ఆయన వ్యక్తిగత భద్రతాధికారి (పీఎస్‌ఓ) ప్రదీప్ కుమార్ గుప్తా కూడా పోయారు. సభ ఫొటోలు తీయడానికి వచ్చిన హరిబాబు కూడా అక్కడే చనిపోయాడు, అతని కెమెరా మాత్రం దొరికింది. దర్యాప్తుకి దారి చూపించినవి అందులోని ఫొటోలే. అంగరక్షకుడి పని ఎక్కడ ముగిసిందో సరిగ్గా అక్కడే డిటెక్టివ్ పని మొదలైంది. నువ్వు ఆ ఇద్దరినీ ఒకే మనిషిలో పెట్టావు. నీ నవలకి ఉన్న బలం అది, దాన్నే వాడుకోలేదు.

ఇక దుఃఖం సంగతి. మొదటి అధ్యాయంలో నాలుగు పేజీల వాన, సగం ఖాళీ అయిన విస్కీ సీసా, దండ వేసిన ఫొటో ముందు వెక్కి వెక్కి ఏడుపు. రాఘవ ఎంత ఏడిస్తే నా కళ్ళు అంత పొడిబారాయి. ఇంట్లో మనిషి పోయాక మిగిలినవాళ్ళని సతాయించేవి చిన్న చిన్న పనులు. గ్యాస్ కనెక్షన్ ఆవిడ పేరు మీద ఉంటుంది. సిలిండర్ వచ్చిందంటే డెలివరీ ఓటీపీ ఆవిడ ఫోన్‌కే వస్తుంది. ఆ నంబరు మార్పించడం ఎంతసేపు? రాఘవ మార్పించడు. ఆ ఫోన్‌ని మానకుండా రీచార్జ్ చేయిస్తాడు, రాత్రి చార్జింగ్‌లో పెడతాడు. ఆవిడ పేరున్న బ్యాంకు లాకర్ సంగతి బావమరిది ఎత్తితే మాట మారుస్తాడు. ఉగాదికి పక్కింటావిడ పచ్చడి తెస్తే "ఈ ఏడాది మాకు పండగ లేదండీ" అని గుమ్మంలోనే చెప్పి పంపిస్తాడు. సంవత్సరీకం అయిపోయి, ఆపై ఉగాది వచ్చినప్పుడు కూడా అదే మాట చెబితే, పాఠకుడికి ఇక నువ్వు చెప్పాల్సిందేమీ ఉండదు.

దీనికంటే గట్టి సీను ఇంకొకటి నీ చేతిలోనే ఉంది. శవ పంచనామా. ఆ ఫారంలో అడిగే వాటిలో, చనిపోయినవారిని ప్రాణాలతో చివరిసారి చూసిందెవరు, ఎప్పుడు అన్నది ఒకటి. రాఘవ తన సర్వీసులో ఆ గడి ఎన్నోసార్లు నింపి ఉంటాడు. ఇప్పుడు మార్చురీ బయట కుర్ర ఎస్సై ఒకడు, ఒకప్పుడు తన దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఆ ప్రశ్న దగ్గరికొచ్చి అడగలేక పెన్ను పట్టుకుని ఆగిపోతాడు. రాఘవే ఆ కాగితం తిప్పుకుని, ప్రశ్న పైకి చదివి, జవాబు చెబుతాడు. "పొద్దున్న ఏడున్నరకి. నేనే. టిఫిన్ బాక్స్ ఇచ్చింది." అంతే. ఇందులో విశేషణం ఒక్కటి దూర్చినా పాడవుతుంది.

చట్టం విషయాల్లో కొన్ని సరిచేసుకోవాలి. రాఘవని ఉద్యోగం నుంచి డిస్మిస్ చేయించి, లైసెన్స్ ఉన్న సెక్యూరిటీ ఏజెన్సీలో చేర్చావు. 2005లో వచ్చిన ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ప్రకారం, దుష్ప్రవర్తన మీద పోలీసు శాఖ డిస్మిస్ చేసినవాణ్ణి గార్డుగా పెట్టుకోకూడదు. వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకున్నాడని రాయి. అవమానంతో బయటికి గెంటించడం కంటే, ఆపుతున్నా వినకుండా వెళ్ళిపోవడమే అతనికి నప్పుతుంది కూడా. నైన్ ఎంఎం పిస్టల్ ఇచ్చావు. అది మన దగ్గర నిషేధిత బోర్, మామూలు జనానికి లైసెన్స్ ఇవ్వరు. పాయింట్ త్రీ టూ రివాల్వర్ ఇవ్వు. కథ 2025లో నడుస్తుంటే హత్య కేసుకి 302 అని రాశావు. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌లో 103. అయినా ఆ తప్పు తీసెయ్యక్కర్లేదు. రాఘవ నోట అలవాటుగా 302 రానివ్వు, కుర్ర ఎస్సై మెల్లిగా సరిదిద్దుతాడు. తన కాలం అయిపోయిందని అతనికి ఆ ఒక్క అంకె చెబుతుంది.

బాడీగార్డ్ పని నువ్వు దగ్గర్నుంచి చూసినట్టు లేదు. చూడు. ఫంక్షన్ హాళ్ళ బయట నిలబడితే చాలు, కనిపిస్తారు. వాళ్ళు మొహాలు చూడరు, చేతులు చూస్తారు. డీఐ అయితే మొహం చూస్తాడు, అబద్ధం అక్కడే కనిపిస్తుంది కాబట్టి. మొదటి నెలంతా రాఘవ చూపు పాత అలవాటుతో మొహాల మీదికే పోవాలి. ఇంటి గుమ్మం నుంచి కారు దాకా ఉన్న ఆ నాలుగు అడుగులే ప్రమాదం, ఛేజింగులు కాదు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మూడో అధ్యాయంలో ఓనర్ భార్య షాపింగ్ బ్యాగులు అతని చేత మోయించావు. మోయనని చెప్పనీ. "మేడమ్, చేతులు ఖాళీగా ఉండాలండి" అని మర్యాదగానే. ఆవిడకి పొగరులా కనిపిస్తుంది. ఇంట్లో గొడవ అక్కణ్ణుంచి మొదలవుతుంది.

నాకు బాగా నచ్చిన చోటుని నువ్వు రెండు పేరాల్లో దాటేశావు. కోకాపేట ఆఫీసులో పార్ట్‌నర్లు అరుచుకుంటుంటే రాఘవ తలుపు పక్కన నిలబడి ఉంటాడే, అది. డీఐగా ఉన్న రోజుల్లో అతను గదిలో అడుగు పెడితే మాటలు ఆగిపోయేవి, నోట్‌బుక్ తీస్తే గొంతులు సవరించుకునేవారు. ఇప్పుడు సఫారీ సూట్‌లో నిలబడితే అతనున్న సంగతే ఎవరికీ పట్టదు. జీపీఏ (ఆస్తి వ్యవహారాలు చూసే అధికార పత్రం) ఎవరి పేరు మీద చేయించారు, ఈసీలో (ఆస్తి లావాదేవీల చిట్టాలో) ఏ లావాదేవీ కనపడితే కొంప మునుగుతుంది, లింకు డాక్యుమెంట్ మీద సంతకం పెట్టిన ముసలాయన ఇంకా బతికున్నాడా, అన్నీ అతని ముందే మాట్లాడేసుకుంటారు. టీ తెచ్చే కుర్రాడు, డ్రైవరు, గన్‌మన్, వీళ్ళెవరూ అలాంటి గదుల్లో మనుషుల లెక్కలోకి రారు. డిటెక్టివ్‌గా అడిగి అడిగి రాబట్టలేనిది బాడీగార్డ్‌గా ఊరికే నిలబడితే దొరుకుతోంది.

సరే, దొరికినదాంతో ఏం చేస్తాడు? కాల్ డేటా తీయించే అధికారం లేదు. స్టేషన్లో పాత కానిస్టేబుల్‌ని అడగాలి, పట్టుబడితే అతని ఉద్యోగం పోతుంది. రాఘవ అడిగేముందు ఎంతసేపు తటపటాయిస్తాడో రాయి, అక్కడ నాకు టెన్షన్ కావాలి. ఆ కానిస్టేబుల్ రోడ్డు మీద కనపడగానే అలవాటుగా సెల్యూట్ కొడితే, కారు వెనక సీట్లోంచి ఓనర్ అది చూస్తే, ఆ రోజు నుంచి ఆ గదిలో గొంతులు తగ్గుతాయి. పైగా, తాను కాపాడుతున్న మనిషే ఆ ముసలాయన్ని మాయం చేశాడని తేలిందనుకో. పోలీసు అయితే సంకెళ్ళు వేసేవాడు. ఇప్పుడు రేపు పొద్దున్న అదే మనిషికి కత్తి ఎదురొస్తే తాను అడ్డం వెళ్ళాలి. వెళ్తాడా? నీ కథ ముడి ఇక్కడుంది.

అందుకే గోడౌన్‌లో రెండు రోజులు కట్టేసి కొట్టే క్లైమాక్స్ నాకు వద్దు. కళ్ళ ముందు పెద్ద నేరం జరిగితే మామూలు మనిషి కూడా ఆ నేరస్థుణ్ణి పట్టుకోవచ్చు, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 40 చదువు. రెండు రోజులు ఉంచుకుంటే రాఘవే ముద్దాయి. ఆరు గంటలంటే థ్రిల్లర్ రాసేవాడికి గవర్నమెంటు ఉచితంగా ఇచ్చిన గడియారం, వాడుకోకపోతే ఎలా? కాపాడాల్సినవాడూ, అప్పగించాల్సినవాడూ ఒకడే అయి, అతనూ రాఘవా ఒకే కార్లో ఉన్నారు. ఏ స్టేషన్‌కి తీసుకెళ్తాడు? దారిలో ఓనర్ మీద దాడి జరిగితే?

చివరగా ఒకటి తీసెయ్యమంటున్నాను, నీకు కష్టంగా ఉంటుంది. రాఘవ భార్యని బండితో గుద్ది చంపినవాడూ, ఓనర్‌ని చంపాలని చూస్తున్నవాడూ ఒకడే అని తేల్చావు. పాఠకుడు వందో పేజీలోనే కనిపెట్టేస్తాడు. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు. ఏ బండి గుద్దిందో తేలని కేసు దాని పక్క స్టేషన్ ఏదో ఒకదాంట్లో పెండింగులో ఉంటుంది. ఉండనీ. ఎన్ని కేసులు ఛేదించినా ఆ ఒక్కటీ రాఘవ చేతిలో లేదు, అతని స్టేషన్ పరిధి కాదు, అడిగినా ఫైలు చూపించరు. మొదట్లో వారానికోసారి ఆ స్టేషన్‌కి ఫోన్ చేస్తుంటాడు. నవల మధ్యలో ఎక్కడో ఆ ఫోన్లు ఆగిపోవాలి, ఎందుకో నువ్వు చెప్పకూడదు.

మొదటి అధ్యాయం జోలికి ఇప్పుడే వెళ్ళకు. ముందు ఆ ఆరు గంటలు రాయి, కారు లోపలి నుంచే రాయి. నలభై పేజీలు దాటనివ్వకు. టైపు చేసి పంపితే చాలు, ప్రింటు తీసి కొరియర్ ఖర్చు పెట్టుకోవద్దు.

ఆశీస్సులతో.