తాళపత్ర ప్రతులు ఏ దారిన వెళ్లాయో కంప్యూటర్‌తో తెలుసుకోవచ్చా?

నల్లగొండ ప్రాంతపు తాళపత్ర ప్రతులు ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరాయో కంప్యూటర్‌తో తేల్చవచ్చా, గ్రంథసూచీలలోని, అంటే గ్రంథాలయాలు అచ్చువేసిన ప్రతుల జాబితాలలోని, ఊళ్లను పటం మీద గుర్తిస్తే సరిపోతుందా అని అడిగారు. తేల్చవచ్చు, కానీ సూచీలతో మొదలుపెట్టవద్దని నా అనుభవం మీద చెబుతున్నాను.

మహబూబ్‌నగర్‌లో తెలుగు పాఠాలు చెబుతూ ఈ పనికి దిగిన కొత్తలో నేను సూచీలలోని వివరాలనే పట్టికలోకి ఎక్కించి పటం గీయించాను. గీతలన్నీ చెన్నై వైపే పోయాయి. తెలుగు గ్రంథాలకు అక్కడ అంత గిరాకీ ఉండేదని కొన్నాళ్లు నమ్మాను కూడా. నిజానికి ఆ పటంలో ఉన్నది పుస్తకాలు నడిచిన దారి కాదు, కాలిన్ మెకంజీ, సి.పి. బ్రౌన్ వంటి ఈస్టిండియా కంపెనీ అధికారులు వాటిని సేకరించిన దారి.

అప్పటినుంచి ఒక్కో ప్రతికి రాసిన ఊరు, రాయించుకున్నవారి ఊరు, ఇప్పుడున్న చోటు అని మూడు గళ్లు వేరు చేశాను. మొదటి రెండు వివరాలూ చాలావరకు చివరి ఆకు మీద లేఖకుడు రాసుకున్న నాలుగు మాటలలోనే దొరుకుతాయి. నేను చూసిన ఒక ప్రతిలో, పురుగు తిన్న అంచు పక్కనే, విభవ నామ సంవత్సరమనీ, మాసం, తిథి, వారమూ, పానగల్లు అనీ ఉంది. విభవ 1748 కావచ్చు, 1808 కావచ్చు, 1868 కావచ్చు. పంచాంగం గణించే ప్రోగ్రాంకు తిథివారాలు ఇస్తే కుదరని సంవత్సరాలు తొలగిపోతాయి. ఊరు అంత తేలిగ్గా తేలలేదు. ఛాయా సోమేశ్వరాలయం ఉన్న నల్లగొండ పానగల్లు ఒకటి, కోట ఉన్న వనపర్తి జిల్లా పానగల్లు మరొకటి. ప్రోగ్రాం మొదటిదాన్నే పట్టుకుంది. రాయించుకున్నవారిది వనపర్తి వైపే ఉన్న కొల్లాపురం అని ఉండడంతో నేను రెండవదాన్ని ఎంచుకుని, పక్క గడిలో ‘ఊహ’ అని రాసిపెట్టాను. ఆ గడి లేని పట్టికను నేను నమ్మను.

ఏ ప్రతిని చూసి ఏది రాశారో తేల్చడానికి పాఠాలను పోల్చేటప్పుడు, పాత లేఖకులు ఎత్వ ఏత్వాలకు తేడా చూపకపోవడం, వలపలగిలక (ముందు పలికే ‘ర్’ను అక్షరం పక్కన రాసే గుర్తు) వాడడం వంటివాటిని ముందే సమం చేయాలి. లేకుంటే యంత్రం రాత అలవాట్లను కూడా పాఠభేదాలుగా లెక్కిస్తుంది. ఒకే పాదం ఎగిరిపోవడం, యతి చెడేలా ఒకే మాట మారడం వంటి తప్పులు రెండు ప్రతులలోనూ ఉంటేనే వాటి బంధుత్వాన్ని ఒప్పుకుంటాను.

ఒక్క ప్రతిలోనే, రెండే ప్రతులలో మిగిలిన గ్రంథాలను లెక్కించి, పూర్తిగా పోయినవెన్నో అంచనా వేసే పద్ధతి కూడా ఉంది. జీవజాతుల లెక్కకు పుట్టిన ఆ పద్ధతితోనే మధ్యయుగ ఐరోపా వీరగాథల ప్రతులలో సుమారు 9 శాతమే మిగిలాయని 2022లో ఒక పరిశోధన అంచనా వేసింది. మన ఇళ్ల అటకల మీది కట్టలు పట్టికకెక్కకముందే దాన్ని ఇక్కడ వాడడం తొందరపాటని నా అభిప్రాయం.

అందుకే మీ ఊళ్లో ఏ కట్ట కనబడినా ముందు చివరి ఆకును రెండు వైపులా ఫొటో తీయండి. మసి పూయని గంటపు రాత ఎదురు వెలుతురులో కనబడదు. వెలుతురు ఆకు మీద ఏటవాలుగా పడేలా, దీపాన్ని పక్కనుంచి బాగా కిందికి దించి పట్టుకోవాలి.