మొదటి హాఫ్ మారథాన్‌కి షూస్ ఎలా ఎంచుకోవాలి? ప్రాక్టీసుకు ఒక జత, రేసుకు ఒక జత కొనాలా?

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి హాఫ్ పరిగెత్తబోతున్నానన్నారు. పది కిలోమీటర్లు దాటగానే చిటికెన వేలు మండుతోందని, బడ్జెట్ ఎనిమిది వేలని, సోల్ లోపల కార్బన్ ప్లేట్, అంటే గట్టి పలక, ఉన్న రేసింగ్ షూస్ కొనాలా అని అడిగారు. కార్బన్ ప్లేట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ చిటికెన వేలి గురించి మాట్లాడాలి. అది మండుతోందంటే మీ షూ ముందుభాగం ఇరుకుగా ఉండి ఉండాలి. అదే షూతో 21 కిలోమీటర్లు పరిగెడితే మంట కాస్తా బొబ్బ అవుతుంది. నాకు అయింది కాబట్టి చెబుతున్నాను.

నా మొదటి హాఫ్‌కి ముందు నేను కంపెనీ పేరు, రంగు, డిస్కౌంటు చూసి కొన్నాను. ఆఫీసుకి వేసుకునే షూస్ 8 నంబరు కదా అని ఇవీ 8 నంబరే తీసుకున్నాను. పొద్దున్నే వెళ్లాను కాబట్టి కాలికి సరిగ్గా పట్టాయి. కొంచెం బిగుతుగా ఉన్నాయంటే షాపులో అబ్బాయి "నాలుగు రోజులు వేసుకుంటే సాగుతాయి సార్" అన్నాడు. తోలు షూ అయితే కొంత సాగుతుంది. రన్నింగ్ షూలో పైన ఉండే జాలీ గుడ్డ కాస్త వదులైనా కింద సోల్ వెడల్పు ఎక్కడికీ పోదు, ముందు పొడవూ పెరగదు.

రోజూ నెక్లెస్ రోడ్డు మీద చదునుగా పరిగెత్తడంతో ప్రాక్టీసులో తేడా తెలియలేదు. రేసులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా బాగానే ఉంది. దిగేటప్పుడు మొదలైంది. అడుగు పడిన ప్రతిసారీ పాదం ముందుకు జారి బొటనవేలి గోరు షూ కొసకి కొట్టుకునేది. ఉక్కపోత భరించలేక నెత్తిమీద నీళ్లు పోసుకున్నాను. ఆ నీళ్లు కాళ్ల మీదుగా షూలోకి దిగాయి. వేసుకున్నవి కాటన్ సాక్స్. తడిసి ముద్దయి వేళ్ల మధ్య ఒరుసుకోవడం మొదలుపెట్టాయి. అయ్యాక ఫుట్‌పాత్ మీద కూర్చుని సాక్స్ లాగితే అది గోరుకి అతుక్కుపోయి ఉంది. ఆ గోరు నల్లబడి, కొన్ని వారాలకి ఊడింది. కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పట్టింది.

అందుకే ఎవరు అడిగినా మొదట పాదం కొలవమంటాను. సాయంత్రం పూట కొలవండి, రోజంతా నిలబడి నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. రేసులోనూ అలాగే ఉబ్బుతుంది. గోడకి మడమ ఆనించి, కాగితం మీద నిలబడి, పొడుగు వేలి కొస దగ్గర గీత పెట్టండి. కొందరికి బొటనవేలి కన్నా పక్క వేలే పొడుగు. రెండు పాదాలూ కొలిచి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. నా ఎడమ పాదం 26.2 సెంటీమీటర్లు, కుడిది 26.6. షూ నాలుక లోపలి లేబుల్ మీద యూకే, యూఎస్ నంబర్లతో పాటు సెంటీమీటర్లు కూడా ఉంటాయి. ఒకే యూకే 8 ఒక కంపెనీలో ఒక పొడవు, ఇంకో కంపెనీలో ఇంకో పొడవు ఉంటుంది కాబట్టి నేను ఆ సెంటీమీటర్లే చూస్తాను. ఇప్పుడు 27.5 అని రాసి ఉన్నవి వేసుకుంటున్నాను. నిలబడినప్పుడు పొడుగు వేలికి, షూ కొసకి మధ్య బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి.

పొడవు కంటే మనవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వెడల్పు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు పాశ్చాత్యుల పాదాల కంటే వెడల్పని తేల్చింది. మీ చిటికెన వేలి మంటకీ ఇదే కారణమని నా అనుమానం. పరీక్ష తేలిక. షూ లోపలి అట్ట, అంటే ఇన్సోల్, బయటికి తీసి నేల మీద పెట్టి దానిమీద నిలబడండి. చిటికెన వేలు అంచు దాటి బయటికి వస్తోందంటే ఆ షూ మీది కాదు, ఎంత తగ్గింపు ధరకి ఇచ్చినా వద్దు. మగవాళ్ల షూస్‌లో మామూలు వెడల్పుని డి అంటారు, వెడల్పువి 2ఈ, ఇంకా వెడల్పువి 4ఈ. షాపులో కనిపించకపోతే అడగండి, ఆన్‌లైన్‌లో అయితే వైడ్ అని వెతకండి. ఆడవాళ్ల షూస్ మామూలు వెడల్పు బి, అంటే ఇంకా సన్నం. మా అక్క రెండేళ్లు బొబ్బలతో బాధపడి చివరికి మగవాళ్ల జత కొనుక్కుంది. ఇప్పుడు హాయిగా పరిగెడుతోంది.

షాపుకి వెళ్లేటప్పుడు మీరు పరిగెత్తే సాక్స్ పట్టుకెళ్లండి. రెండు కాళ్లకీ వేసుకుని, వీలైతే బయట నాలుగు అడుగులు పరుగు తీయండి. ఎక్కడైనా కరుస్తుంటే, గుచ్చుకుంటుంటే వదిలేయండి. పాదం వంపు కొలిచి, మీది చదును పాదం కాబట్టి ఫలానా షూనే కొనాలి అని చెబుతారు. దానికి మరీ కంగారు పడకండి. అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్లకి పాదం ఆకారాన్ని బట్టి షూస్ ఇచ్చి చూస్తే గాయాలేమీ తగ్గలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసిన బెన్నో నిగ్ 2015లో చెప్పింది కూడా ఇదే, కాలికి ఏది సుఖంగా అనిపిస్తే అది ఎంచుకోమని. మోకాలు, మడమ నొప్పి ముందునుంచీ ఉంటే మాత్రం షూతో ప్రయోగాలు చేయకుండా ఫిజియోథెరపిస్టుకి చూపించండి.

ఇక కార్బన్ ప్లేట్. 2019లో వియన్నాలో కెన్యా మారథాన్ రన్నర్ ఎలియుద్ కిప్చోగె అలాంటి షూస్‌తో 42.195 కిలోమీటర్లు 1:59:40లో పరిగెత్తిన దగ్గర్నుంచి అందరికీ ఆ షూస్ మీద మోజు పెరిగింది. అవి ఆ వేగం కోసం తయారైనవి. మందపాటి మెత్తటి సోల్, సన్నటి మడమ, నెమ్మదిగా వెళ్లేవాళ్లకి మలుపుల దగ్గర చీలమండ ఊగుతుంది. నాలుగేళ్ల తర్వాత నేనూ ఒక జత కొన్నాను. రేసులో బాగున్నాయి, నిజంగా ముందుకు తోసినట్టు ఉంటుంది. ప్రాక్టీసుకి వరసగా వారం వేసేసరికి పిక్కలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. మొదటి హాఫ్‌కి, ఎనిమిది వేల బడ్జెట్‌లో, వాటి జోలికి వెళ్లొద్దు. ఆ డబ్బుతో రోజువారీ పరుగుకి మంచి జత వస్తుంది, అందులోనూ కొత్త మోడల్ రాగానే పాత మోడల్ ధర తగ్గుతుంది. రెండిటికీ తేడా సాధారణంగా చాలా కొంచెమే.

ఆ ఒక్క జతతోనే ప్రాక్టీసు చేసి దాంతోనే రేసు పరిగెత్తండి. రేసుకి కనీసం ఆరు వారాల ముందు కొనండి. వాటితో ఒక పదహారు కిలోమీటర్ల పరుగైనా పూర్తి చేసి ఉండాలి, రేసు రోజు వేసుకునే సాక్స్‌తోనే. రేసు పొద్దున కొత్త షూ, కొత్త సాక్స్ ఏవీ వద్దు. నేను కొన్న రోజే నాలుక లోపల పెన్నుతో తేదీ రాసుకుంటాను. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లకి లోపలి మెత్తదనం చచ్చిపోతుంది, కింద రబ్బరు ఇంకా కొత్తగానే కనిపించినా సరే. వానకి తడిస్తే ఎండలోనో వాషింగ్ మెషిన్‌లోనో వేయకండి. ఇన్సోల్ తీసి, న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెడితే మర్నాటికి ఆరిపోతాయి.

ఒక్కటి మిగిలింది, లేసు. షూ పైభాగాన చివర ఎవరూ వాడని అదనపు రంధ్రం ఒకటి ఉంటుంది. లేసుని అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి. రెండు వైపులా చేశాక, ఒక వైపు లేసు కొసని అవతలి ఉచ్చులోంచి తీసి లాగి ముడి వేయండి. మడమ కదలకుండా పట్టేస్తుంది, వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. నేను అలా కట్టుకోవడం మొదలుపెట్టాక అదే ఫ్లైఓవర్ చాలాసార్లు దిగాను. గోరు మళ్లీ నల్లబడలేదు.