‘ఉడతా’ అన్నందుకు హాలంతా నవ్వింది

పాత నాటకాలను ఉన్నది ఉన్నట్టు వేయాలా, కాలానికి తగ్గట్టు మార్చొచ్చా అని అడిగారు. ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా నాటకం మారిపోతుందండీ. స్టేజీ మీద నిలబడి ఆ దెబ్బ తిన్నవాణ్ణి నేను.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన ‘ఎ డాల్స్ హౌస్’ను మా బృందం తెలుగులో వేసినప్పుడు నాది నోరా భర్త హెల్మర్ వేషం. మొదటి అంకంలో అతను భార్యను చిట్టి పిట్టా, ఉడతా అంటూ ముద్దు చేస్తుంటాడు. రెండు నెలల రిహార్సల్స్‌లో ఆ మాటలు ప్రేమగా పలకడానికే నానా తంటాలు పడ్డాను. తీరా ప్రదర్శన రోజు ‘ఉడతా’ అనగానే వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రెండోసారికి హాలంతా నవ్వింది. మీసం ఊడిందేమోనని తడుముకున్నాను. ఊడలేదు. విరామంలో మొత్తుకుంటే మా దర్శకుడు, “నువ్వు సీరియస్‌గానే కానీయ్, అందుకే నవ్వుతున్నారు” అన్నాడు. చివర్లో నేను నోరాకి భార్యగా, తల్లిగా ధర్మాలు చెబుతుంటే ముందు వరుసలో ఒకావిడ పైకే “చాల్లే!” అంది.

1879లో కోపెన్‌హాగెన్‌లో మొదట ఆడిన నాటకం ఇది. ఆ రోజుల్లో చాలామందికి మింగుడుపడనిది నోరా ఇల్లు వదిలిపోవడం. మరుసటి ఏడు జర్మనీలో ఆ వేషం వేయాల్సిన నటి, పిల్లల్ని వదిలేసే తల్లిగా చేయనని మొండికేసింది. ఇంకెవరో మార్చి పాడుచేస్తారని ఇబ్సెనే నోరా ఆగిపోయే ముగింపు రాసిచ్చాడు, తిట్టుకుంటూ. మా హాల్లో నోరా తలుపేసి వెళ్లిపోతుంటే చప్పట్లు! మా ప్లైవుడ్ తలుపు దభీమనకపోయినా, ఆ చప్పుడు కోసం వింగ్‌లో కుర్రాడు పలక ఆలస్యంగా పడేసినా, చప్పట్లు ఆగలేదు.

‘మూలానికి ద్రోహం’ అని గోల చేసేవాళ్లకి ఒక మాట. 1681లో నాహమ్ టేట్ అనే కవి షేక్స్‌పియర్ ‘కింగ్ లియర్’లో విదూషకుణ్ణి ఎత్తేసి, మూలంలో చనిపోయే లియర్ చిన్న కూతురు కార్డీలియాను బతికించి పెళ్లి కూడా చేశాడు. ఆ విదూషకుడు మళ్లీ స్టేజీ ఎక్కింది 1838లో. మధ్యలో పుట్టి పోయినవాళ్లు చూసిన లియర్ అదే.

అలాగని పాత్ర చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి ‘ఆధునికం’ చేశామనే దర్శకులంటే నాకు ఒళ్లుమంట. డైలాగు వినబడే మైకు పెట్టడం చేతకాదు గానీ!

త్వరలో మళ్లీ వేస్తున్నాం. ‘ఉడతా’ దగ్గర నవ్వు కోసం ఆగాలని దర్శకుడు, ఆగనని నేను. రిహార్సల్ అక్కడే ఆగింది.