ఆపి చూడొద్దు, చిన్నీ

చిన్నీ,

డెస్క్‌టాప్‌లోని సినిమాలు ఫోన్‌లోనూ చూసేందుకు దాంట్లో జెల్లీఫిన్ సర్వర్ పెట్టావనీ, అది ఫోన్‌లో తెరుచుకోక, బయటి కనెక్షన్లను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్‌తో కుస్తీ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. పిల్ల ఇంత పని ఒంటిచేత్తో ఎత్తుకుందని ముచ్చటేసింది. "కాకపోతే ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూస్తుందట" అనగానే ఆ ముచ్చట కాస్తా ఎగిరిపోయింది.

ఆపకు. కాసేపని ఆపినవాళ్లు మళ్లీ ఆన్ చెయ్యడం మరిచిపోతారు. పాత విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉండేది కానీ ఆన్‌లో ఉండేది కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్, అంటే తనంతట తానే పాకే వైరస్ లాంటిది, వచ్చింది. ఏ ఫైలూ తెరవక్కర్లేదు, నెట్‌కి తగిలించి ఉంటే చాలు, 135 పోర్ట్ గుండా దూరేది. పోర్ట్ అంటే కనెక్షన్లు వచ్చే, నంబరున్న ద్వారం అనుకో. మరుసటి ఏడు సర్వీస్ ప్యాక్ 2 అనే అప్‌డేట్‌తో గానీ మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ని ఆన్ చేసి ఇవ్వలేదు. అన్నట్టు, సర్వీసెస్‌లోకి వెళ్లి ఫైర్‌వాల్ సర్వీస్‌నే ఆపడం ఇంకా తెలివితక్కువ పని. స్టార్ట్ మెనూ కూడా మొరాయించవచ్చు.

ముందు డెస్క్‌టాప్ బ్రౌజర్‌లోనే లోకల్‌హోస్ట్, కోలన్, 8096 కొట్టు. లోకల్‌హోస్ట్ అంటే అదే కంప్యూటర్, 8096 జెల్లీఫిన్ పోర్ట్. పేజీ రాకపోతే సర్వరే నడవడం లేదు, ఫైర్‌వాల్‌ని తిట్టకు. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూసుకో. ఇంటి నెట్‌వర్క్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చు. యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంటే రూల్స్ అందులో రాయాలి.

ఇవన్నీ బాగుండి కూడా రాలేదంటే నా అనుమానం నీ మీదే. కొత్త ప్రోగ్రాం మొదటిసారి బయటి కనెక్షన్ల కోసం ఎదురుచూడబోతే విండోస్ ఒక పెట్టె చూపించి అనుమతి అడుగుతుంది. ఏ పెట్టె వచ్చినా చదవకుండా క్యాన్సిల్ కొట్టడం నీకు చిన్నప్పటి అలవాటు. క్యాన్సిల్ అంటే తర్వాత చూద్దామని నీ లెక్క. విండోస్ లెక్కలో అది "వద్దు". వెంటనే ఆ ప్రోగ్రాం పేరున రెండు బ్లాక్ రూల్స్ రాసేసుకుంటుంది, నెట్‌లో డేటా పంపే రెండు పద్ధతులైన టీసీపీకి ఒకటి, యూడీపీకి ఒకటి. మళ్లీ అడగదు. నువ్వూ మరిచిపోతావు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. 8096కి అనుమతి రూల్ కొత్తగా ఎన్నిసార్లు రాసినా కదలదు. వచ్చే ఒకే ప్యాకెట్‌కి, అంటే డేటా ముక్కకి, అనుమతీ నిషేధమూ రెండూ వర్తిస్తే, ఏది ముందు రాశావన్నది చూడదు, నిషేధమే నెగ్గుతుంది. ఇది తెలియక జనం రూల్ మీద రూల్ రాసి, విసిగి, మొత్తం ఆపేస్తారు. ఆపగానే సినిమా ఆడుతుంది! తప్పంతా ఫైర్‌వాల్‌దే అనుకుని అలాగే వదిలేస్తారు. నా భయమంతా అదేనమ్మా.

కాబట్టి విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి డబ్ల్యూఎఫ్ డాట్ ఎంఎస్‌సీ (wf.msc) అని కొట్టు, ఫైర్‌వాల్ రూల్స్ ఉండే విండో తెరుచుకుంటుంది. దేన్నీ ముట్టుకోకముందే యాక్షన్ మెనూలో ఎక్స్‌పోర్ట్ పాలసీతో ఇప్పుడున్న సెట్టింగ్స్‌ని ఫైల్‌గా దాచుకో. ఇన్‌బౌండ్ రూల్స్‌లో జెల్లీఫిన్ పేరు పక్కన ఎర్ర గుర్తున్న వరసలుంటే డిలీట్ చెయ్. తర్వాత న్యూ రూల్, పోర్ట్, టీసీపీ, 8096, అలౌ. ప్రొఫైల్స్‌లో ప్రైవేట్ ఒక్కదానికే టిక్. రూల్ తయారయ్యాక స్కోప్ ట్యాబ్‌లో రిమోట్ ఐపీకి లోకల్ సబ్‌నెట్, అంటే ఇంటి నెట్‌వర్క్ మాత్రమే అని, పెట్టు. సర్వర్ మళ్లీ మొదలెట్టినప్పుడు పెట్టె వస్తే ఈసారైనా చదివి, ప్రైవేట్‌కి మాత్రం ఒప్పుకో. రౌటర్‌లో బయటి నెట్ నుంచి ఇంట్లోకి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోకు, ఇంట్లో చూడ్డానికి దాంతో పని లేదు.

అప్పటికీ రాకపోతే అదే ఫైర్‌వాల్ విండో ప్రాపర్టీస్‌లో ప్రైవేట్ ప్రొఫైల్, లాగింగ్, కస్టమైజ్‌కి వెళ్లి డ్రాప్డ్ ప్యాకెట్స్‌కి యెస్ పెట్టు. లాగ్ ఫైల్ ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. ఫోన్‌లో ఒకసారి ప్రయత్నించి, ఆ ఫైల్‌లో 8096 ఉన్న డ్రాప్ వరస వెతుకు. కనబడితే ఆపుతున్నది ఫైర్‌వాలే. ఏమీ లేకపోతే ప్యాకెట్ నీ కంప్యూటర్ దాకా వచ్చి ఉండదు, రౌటర్ సంగతి చూడాలి. ఎటూ తేలకపోతే ఆ లాగ్ ఫోటో తీసి పంపు, ఎంత పొద్దుపోయినా పర్లేదు, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ